కొరియాలో ఆధునిక వైద్యం, మహిళలు: ‘తొలి వైద్యురాలు’ ఎవరన్న ప్రశ్నకు సమాధానం

ఒకచోట జాంగ్‌గుమ్ అనీ, ఇంకోచోట ఎస్తర్ పాక్ అనీ, మరోచోట హో యోంగ్‌సుక్ అనీ రాశారు, వీరిలో కొరియా తొలి వైద్యురాలు ఎవరు, అసలు అక్కడి స్త్రీలను ఆధునిక వైద్యంలోకి తెచ్చింది అమెరికన్ మిషనరీలేనా అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. జాంగ్‌గుమ్ 16వ శతాబ్దపు రాజాస్థాన వైద్యురాలు. ఆమెకూ ఆధునిక వైద్యానికీ సంబంధం లేదు. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలి కొరియా మహిళ ఎస్తర్ పాక్, అది 1900లో. కొరియాలో లైసెన్సు పరీక్ష రాసి నెగ్గి, సొంతంగా క్లినిక్ తెరిచిన తొలి మహిళ హో యోంగ్‌సుక్, అది 1918–20 మధ్య. కొలమానాలు వేరు కాబట్టి ఆ రాసినవాళ్లెవరూ పూర్తిగా తప్పు రాయలేదు.

రెండో ప్రశ్నను అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో తేల్చలేము. వైద్య విద్యార్థులకు చాలాకాలం వైద్య చరిత్ర బోధించినవాడిగా నాకు అర్థమైనది ఇది. పరాయి మగవాడి ముందుకు స్త్రీ రాకూడదన్న కట్టుబాటు వల్ల కొరియాలో ఆడవాళ్లకు విడిగా ఆసుపత్రి అవసరమైంది. డబ్బు, డాక్టర్లు అమెరికా నుంచి వచ్చిన మాట నిజమే. అయితే ఆ ఆసుపత్రిలో దుబాసీగా పనిచేసిన పిల్ల డాక్టరైంది, అక్కడ చికిత్సకు చేరిన రోగులు నర్సులయ్యారు. మామూలు వైద్య కళాశాలలు ఆడపిల్లలకు తలుపులు మూసుకొని కూర్చున్నంతకాలం, ఆ విడి ఏర్పాటునే బడిగాను, తర్వాత కళాశాలగాను మార్చుకున్నారు. ఈ క్రమాన్ని పట్టుకుంటే ‘తొలి’ ఎవరన్న గొడవ దానంతటదే చిన్నదైపోతుంది.

ముందుగా పాత సంగతి కొంత చెప్పుకోవాలి. జోసన్ రాజవంశ కాలంలో, 1406లో, తేజోంగ్ రాజు హయాంలో ‘ఉయ్‌న్యో’ అనే స్త్రీ వైద్యుల వ్యవస్థ మొదలైంది. రోగం వచ్చినా పురుష వైద్యుడికి చూపించుకోవడానికి సిగ్గుపడి స్త్రీలు చనిపోతున్నారన్నది అప్పుడు చెప్పిన కారణం. దాంతో ప్రభుత్వ ఆధీనంలోని బానిస కుటుంబాల నుంచి బాలికలను ఎంపిక చేసి, జేసెంగ్‌వన్ అనే వైద్యాలయంలో నాడి చూడడం, సూదులు గుచ్చే చికిత్స నేర్పించారు. నేర్చుకున్న విద్య గొప్పదే, నేర్చుకున్నవారి కులం మాత్రం అట్టడుగునే ఉండిపోయింది. 15వ శతాబ్దం చివరా 16వ శతాబ్దం మొదట్లోనూ పాలించిన యోన్‌సాన్‌గున్ అనే రాజు వీరిని విందుల్లో గిసేంగ్‌ల పక్కన, అంటే ఆటపాటల వృత్తిలోని స్త్రీల పక్కన, కూర్చోబెట్టాడు. ఆ మచ్చ తర్వాతి శతాబ్దాల్లోనూ పోలేదు. జాంగ్‌గుమ్ ఆ తర్వాతి రాజు జుంగ్‌జోంగ్ కాలపు మనిషి. ఆమె పేరిట వచ్చిన కొరియన్ టీవీ ధారావాహికలో మనం చూసిన కథలో అధిక భాగం కల్పనే. రాజవంశ వృత్తాంతాల్లో ఆమె పేరు కొద్దిసార్లే వస్తుంది. 1544లో, మరణానికి కొంత ముందు, తన జబ్బు సంగతి ఆ వైద్యురాలికి తెలుసని రాజు అన్నట్లు అందులో నమోదై ఉంది. తన చుట్టూ అంతమంది పురుష వైద్యులుండగా రాజు ఆ మాట అనడం సామాన్యమైన విషయం కాదు.

ఈ పాత వ్యవస్థ నుంచి కొత్త వైద్యంలోకి నేరుగా దారి పడి ఉండవలసింది, కానీ పడలేదు. 1884 నాటి తిరుగుబాటులో గాయపడిన రాణి బంధువు మిన్ యోంగ్-ఇక్‌కు అమెరికన్ వైద్యుడు హోరేస్ అలెన్ ప్రాణం పోశాడు. ఆ మెప్పుతో 1885లో సోల్ నగరంలో జేజుంగ్‌వన్ అనే ప్రభుత్వ ఆసుపత్రి ఏర్పడింది. స్త్రీ రోగులను చూసుకోవడానికి కొందరు గిసేంగ్ యువతులను అక్కడ పెట్టి శిక్షణ ఇప్పించాలని ప్రభుత్వం ప్రయత్నించింది గానీ, అది కొద్దికాలానికే ఆగిపోయింది. ఎందుకంటే అధికారుల దృష్టిలో ఆ పిల్లలు ఇంకా గిసేంగ్‌లే. వృత్తిని మార్చకుండా పనిని మాత్రం మార్చబోతే ఇలాగే అవుతుంది.

పక్కనే జోంగ్‌దోంగ్ అనే పేటలో మెథడిస్టు మిషన్ వైద్యుడు విలియం స్క్రాంటన్‌కు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురైంది: తన ఆసుపత్రికి స్త్రీలు రావడం లేదు. ఒక వైద్యురాలిని పంపండని ఆయన అమెరికాలోని మహిళా మిషనరీ సంఘానికి రాశారు. 1887లో డాక్టర్ మెటా హోవర్డ్ వచ్చి, స్త్రీలకు, పిల్లలకు మాత్రమే పరిమితమైన ఆసుపత్రిని తెరిచారు. గోజోంగ్ రాజు దానికి బోగుయోగ్వాన్ అని పేరు పెట్టారు. దాని పక్కనే స్క్రాంటన్ తల్లి మేరీ 1886లో ప్రారంభించిన బాలికల పాఠశాల ఈహ్వా హక్‌దాంగ్ ఉంది. బడి, ఆసుపత్రి పక్కపక్కన ఉండడం చిన్న విషయంగా తోచవచ్చు. తర్వాతి కథ అంతా ఈ ఇరుగుపొరుగు వల్లనే జరిగింది.

ఆరోగ్యం చెడి మెటా హోవర్డ్ 1889లో వెళ్లిపోయాక, 1890లో రొసెట్టా షెర్‌వుడ్ వచ్చారు. పెళ్లయ్యాక ఆమె రొసెట్టా హాల్. ఆమె ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1889లో పట్టా పొందారు. తెలుగువారికి ఆ కళాశాల పరాయిది కాదు: 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడే 1879లో చదువు పూర్తిచేశారు. 1886లో అక్కడి పట్టా అందుకున్న భారతీయురాలు ఆనందీబాయి జోషి. ఘోషా ఉన్న ప్రతి దేశానికీ అప్పట్లో వైద్యురాళ్లను తయారుచేసి పంపిన చోటు అది. స్వదేశంలో పురుషుల ఆసుపత్రుల్లో ఉద్యోగం దొరకని అమెరికన్ వైద్యురాళ్లకు ఆసియాలోని ఈ ఆసుపత్రులు వృత్తి జీవితాన్నిచ్చాయన్నది కూడా అంతే నిజం. కేవలం త్యాగం అని చెప్తే సగం కథే చెప్పినట్లవుతుంది.

రొసెట్టాకు కొరియన్ భాష రాదు. ఈహ్వా బడి నుంచి ఇంగ్లీషు వచ్చిన ఒక అమ్మాయిని దుబాసీగా ఇచ్చారు. ఆ అమ్మాయి పేరు కిమ్ జోమ్‌దోంగ్. తండ్రి మిషనరీ అపెన్‌జెల్లర్ దగ్గర పనిచేసేవాడు. ఆ పరిచయంతోనే 1886లో, సుమారు పదేళ్ల వయసులో, ఆమె బడిలో చేరింది. బాప్తిస్మం తీసుకున్నాక ఎస్తర్ అయింది. రొసెట్టా బడిలోని కొందరు పిల్లలను కూర్చోబెట్టి శరీరధర్మశాస్త్రం, మందుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఎస్తర్‌కు మొదట్లో శస్త్రచికిత్స అంటే ఒళ్లు జలదరించేది, కత్తి తీస్తే ముఖం తిప్పుకొనేది. గ్రహణం మొర్రి ఉన్న ఒక రోగికి రొసెట్టా ఆపరేషన్ చేసి పెదవి కలిపినప్పుడు ఆమె మనసు మారింది, డాక్టరు కావాలని అప్పుడే నిశ్చయించుకుంది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని విధిరాతగా భావించే సమాజంలో, ఒక్క పూటలో ముఖం మారిపోవడాన్ని దగ్గరుండి చూసిన పిల్ల మనసును అది ఎంతగా కదిలించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

తర్వాత జరిగినది త్వరత్వరగా జరిగింది. పెళ్లికాని పిల్ల అలా తిరగడం లోకానికి నచ్చదని 1893లో ఎస్తర్‌కు పాక్ యూసాన్‌తో పెళ్లి చేశారు. అతను రొసెట్టా భర్త విలియం హాల్ దగ్గర సహాయకుడు. 1894లో చైనా–జపాన్ యుద్ధం సాగుతుండగా ప్యోంగ్‌యాంగ్‌లో క్షతగాత్రులకు, రోగులకు చికిత్స చేస్తూ విలియం హాల్ టైఫస్ సోకి మరణించారు. నిండు గర్భిణి అయిన రొసెట్టా చిన్న కొడుకుతో అమెరికాకు బయలుదేరుతూ, పాక్ దంపతులను కూడా వెంట తీసుకువెళ్లారు. ఎస్తర్ అక్కడ మామూలు బడిలో చదువుకుని, 1896లో బాల్టిమోర్ మహిళా వైద్య కళాశాలలో చేరారు. పాక్ యూసాన్ పొలంలోను, హోటల్లోను కూలి చేసి భార్యను చదివించాడు. ఆ కాలపు కొరియాలో, ఆ మాటకొస్తే ఆ కాలపు ఏ దేశంలోనైనా, ఇది చాలా అరుదైన విషయం. ఆమెకు పట్టా రావడానికి కొద్ది వారాల ముందు, 1900 ఏప్రిల్‌లో, అతను క్షయతో చనిపోయాడు. బాల్టిమోర్‌లోనే ఖననం చేశారు. ఎస్తర్ గురించి రాసే చాలామంది అతనికి ఒక్క వాక్యమే ఇస్తారు. నా దృష్టిలో అది అన్యాయం.

డాక్టర్ ఎస్తర్ పాక్ అదే సంవత్సరం తిరిగివచ్చి బోగుయోగ్వాన్‌లోను, తర్వాత ప్యోంగ్‌యాంగ్‌లో రొసెట్టా నడిపిన మహిళా ఆసుపత్రిలోను పనిచేశారు. గాడిద మీద పల్లెలు తిరిగారు. కలరా ప్రబలినప్పుడు రోగుల మధ్య ఉన్నారు. పారిశుధ్యం గురించి స్త్రీలకు చెప్పారు. 1909లో సోల్‌లో, విదేశాల్లో చదివి వచ్చిన మహిళల గౌరవార్థం జరిగిన సభలో ఆమెకు సత్కారం లభించింది. మరుసటి ఏడాది, 1910 ఏప్రిల్‌లో, భర్తను తీసుకుపోయిన క్షయే ఆమెనూ తీసుకుపోయింది. వృత్తి జీవితం పదేళ్లు మాత్రమే. ఆమె చేతుల్లో పెరిగినట్లే పెరిగిన రొసెట్టా కొడుకు షెర్‌వుడ్ హాల్ క్షయ వైద్యంలోకి వెళ్లడానికి ఈ మరణమే కారణమని చెప్పుకున్నాడు. ఆయన 1928లో హేజులో కొరియా తొలి క్షయ శానటోరియం స్థాపించాడు, 1932లో అక్కడ క్రిస్మస్ సీళ్లు (క్షయ వైద్యానికి నిధుల కోసం అమ్మే స్టాంపు లాంటి బిళ్లలు) ప్రవేశపెట్టాడు. 1940లో జపాన్ ప్రభుత్వం గూఢచారి అని నింద మోపి వెళ్లగొట్టగా, భార్య డాక్టర్ మేరియన్‌తో కలిసి మన దేశానికి వచ్చి, రాజస్థాన్‌లోని అజ్మీర్ దగ్గర మదార్ శానటోరియంలో 1963 వరకు పనిచేశాడు. అంటే ఎస్తర్ కథలోని ఒక కొస మన దేశంలోనే ముగిసింది.

ఇక నర్సుల సంగతి. డాక్టర్ల చరిత్ర కన్నా ఇది నాకు ముఖ్యమనిపిస్తుంది, కానీ పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. 1903లో మార్గరెట్ ఎడ్మండ్స్ బోగుయోగ్వాన్‌లో నర్సుల శిక్షణ పాఠశాల పెట్టారు. ఇంట్లో గౌరవంగా బతికే ఆడపిల్లను పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తే పనికి ఎవరు పంపుతారు? చేరినవాళ్లు, ఇల్లంటూ లేనివాళ్లు. 1908లో పట్టా అందుకున్న తొలి ఇద్దరిలో ఒకరు యి గ్రేస్. ఆమె ఒక ఇంటి బానిస. కాలు కుళ్లి నడవలేని స్థితికి రాగా యజమాని వదిలేశాడు. బోగుయోగ్వాన్‌లో చికిత్సతో నిలబడి, అక్కడే పనిలో చేరి, నర్సయింది. రెండో ఆమె కిమ్ మార్తా. అనుమానంతో భర్త ఆమె ముక్కును, చేతి వేలిని కోసేశాడు. ఆ గాయాలతో ఆసుపత్రికి వచ్చి, తిరిగి ఆ ఇంటికి పోలేదు. ఒకరు బానిసత్వం నుంచి, ఒకరు భర్త కత్తి నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు. తెల్లటోపీ పెట్టుకుని వార్డులో నిలబడ్డ ఆ ఇద్దరినీ చూసిన రోగులకు, వాళ్ల ముఖాలే ఒక మాట చెప్పి ఉంటాయి. చట్టప్రకారం బానిసత్వం రద్దయింది 1894లో. కానీ రద్దయిన కాగితానికీ నడిచే కాళ్లకూ మధ్య దూరాన్ని గ్రేస్ స్వయంగా దాటారు.

అదే 1908లో, సోల్‌లో మిషనరీలు నడిపిన సెవరన్స్ వైద్య పాఠశాల నుంచి ఏడుగురు కొరియన్ డాక్టర్లు బయటికి వచ్చారు. అందరూ పురుషులే, వారిలో ఒకరు కసాయి కులంలో పుట్టిన పాక్ సోయాంగ్. కులం గోడను అక్కడ కొంత దాటించారు, స్త్రీ పురుష భేదాన్ని మాత్రం దాటించలేదు. సెవరన్స్‌లో ఎస్తర్ షీల్డ్స్ 1906లో ప్రారంభించిన నర్సింగ్ పాఠశాల తొలి పట్టభద్రురాలు కిమ్ బేసే, 1910లో. ఆమె డాక్టర్ ఎస్తర్ పాక్‌కు చెల్లెలు. అక్క చనిపోయిన ఏడే ఆమెకు పట్టా వచ్చింది.

1910లో కొరియా జపాన్ వలస రాజ్యమయ్యాక డాక్టరు కావాలనుకున్న ఆడపిల్లకు ఉన్న దారులు రెండు. ఒకటి టోక్యోకు వెళ్లడం. అక్కడ యోషియోకా యాయోయి 1900లో స్థాపించిన మహిళా వైద్య పాఠశాల ఉంది. రెండోది, సోల్‌లోని ప్రభుత్వ వైద్య పాఠశాలలో మగపిల్లల వెనుక కూర్చుని, లెక్కలో లేని శ్రోతగా వినడం. రొసెట్టా పట్టుపట్టి ఒప్పించడంతో ఆన్ సుగ్యోంగ్, కిమ్ హేజి, కిమ్ యోంగ్‌హుంగ్ అనే ముగ్గురు అలా విని 1918లో చదువు పూర్తిచేశారు. కొరియా గడ్డ మీదే వైద్యం చదివిన తొలి మహిళలు వీరు. ‘తొలి’ జాబితాల్లో వీరి పేర్లు సాధారణంగా కనిపించవు.

హో యోంగ్‌సుక్ టోక్యో దారిన వెళ్లినవారు. 1918లో పరీక్ష నెగ్గి, 1920లో సోల్‌లో స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసే క్లినిక్ తెరిచారు. నవలా రచయిత యి గ్వాంగ్‌సు భార్యగానే ఆమెను ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు; భర్త క్షయకు ఆమె చేసిన సేవల కథలూ ఉన్నాయి. నాకు అంతకన్నా ఆసక్తికరమైనది 1920లో ఆమె దోంగా ఇల్బో దినపత్రికలో రాసిన వ్యాసం. సుఖరోగం ఉన్న పురుషుడికి పెళ్లి చేయకూడదని, దాన్ని చట్టంతో ఆపాలని ఆమె అందులో వాదించారు. శీలం గురించి ఉపన్యాసాలన్నీ స్త్రీలకే వినిపించే రోజుల్లో, రోగం ఇంట్లోకి తెచ్చేది ఎవరో వైద్యురాలి హోదాలో బహిరంగంగా చెప్పడం పెద్ద దుమారమే లేపింది. పురుష వైద్యుడు ఈ మాట అని ఉండగలడేమో గానీ, ఆ రోగులు తమ గోడు చెప్పుకున్నది ఇలాంటి క్లినిక్కుల్లోనే.

1928లో, 60 ఏళ్లు దాటిన వయసులో, రొసెట్టా హాల్ సోల్‌లో మహిళా వైద్య శిక్షణాలయం ప్రారంభించారు. టోక్యోలో చదివి వచ్చిన డాక్టర్ గిల్ జోంగ్‌హీ ఆమెకు కుడిభుజం. 1933లో రొసెట్టా స్వదేశానికి వెళ్లిపోయినప్పుడు, మిషన్ ఆ బరువు మోయడానికి ముందుకు రాలేదు. గిల్ జోంగ్‌హీ, ఆమె భర్త డాక్టర్ కిమ్ తాక్‌వన్ కలిసి దాన్ని తమ నెత్తికెత్తుకున్నారు. మీ ప్రశ్నకు ఇదే అసలు సమాధానమని నేననుకుంటాను: మిషనరీలు మొదలుపెట్టినదాన్ని, మిషన్ చేయి వదిలేశాక, కొరియన్ దంపతులు ఐదేళ్లు నిలబెట్టారు. కిమ్ జోంగ్-ఇక్ అనే భూస్వామి ఆస్తి విరాళంతో 1938లో అది గుర్తింపు ఉన్న మహిళా వైద్య కళాశాలగా మారింది. 1942లో మొదటి జట్టు చదువు పూర్తిచేసుకుని బయటికి వచ్చింది. అయితే గుర్తింపుతోపాటు యాజమాన్యం ఈ దంపతుల చేతి నుంచి జారిపోయింది. ఆ కళాశాలే పేర్లు మార్చుకుంటూ, 1957లో మగపిల్లలనూ చేర్చుకుని, చివరికి 1971లో కొరియా యూనివర్సిటీలో కలిసింది. ఈనాటి కొరియా యూనివర్సిటీ వైద్య కళాశాల తన మూలాన్ని ఆ 1928 శిక్షణాలయంలోనే చూపించుకుంటుంది. మరోవైపు ఈహ్వా బడి విశ్వవిద్యాలయమై, 1945లో సొంత వైద్య విభాగం తెరిచింది. అది ఇప్పటికీ ఆడపిల్లలకే.

పల్లెల్లో, పేటల్లో నిజంగా పనిచేసింది మాత్రం మంత్రసానులు, నర్సులే. 1914లో వలస ప్రభుత్వం వీరికి లైసెన్సు నిబంధనలు పెట్టింది. లైసెన్సు ఉన్న మంత్రసానికి సొంత సంపాదన ఉంటుంది, ఏ ఇంటికైనా ఏ వేళకైనా వెళ్లగలదు. అందుకే వలస వ్యతిరేక ఉద్యమాల్లో వీరు అంతమంది కనిపిస్తారు. చిన్న వయసులోనే భర్త పోయి, కొడుకును పెంచుకుంటూ సెవరన్స్‌లో నర్సింగ్ చదివిన జోంగ్ జోంగ్‌మ్యోంగ్ పురుళ్లు పోసి బతుకుతూ, 1922లో పేద విద్యార్థినుల సహాయ సంఘాన్ని, 1924లో సోషలిస్టు మహిళా సంఘాన్ని నిలబెట్టి, 1927లో ఏర్పడ్డ గున్‌ఉహ్వే అనే మహిళా సమాఖ్యలో నాయకురాలయ్యారు.

స్వాతంత్ర్యం, దేశ విభజన, యుద్ధం తర్వాతి కాలం గురించి క్లుప్తంగా చెబుతాను. 1962లో దక్షిణ కొరియా కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది; ఇంటింటికీ తిరిగింది మహిళా కార్యకర్తలు, 1968 నుంచి తోడుగా నిలిచింది పల్లెల్లోని తల్లుల సంఘాలు. 1960లో ఒక్కో స్త్రీకి సుమారు 6గా ఉన్న సంతాన రేటు 1983 నాటికి 2.1 కన్నా కిందికి దిగింది. దీన్ని విజయంగానే లెక్కిస్తారు, కానీ లక్ష్యాల సంఖ్య పూర్తిచేయడానికి లూప్ వేయించుకున్నది ఎప్పుడూ స్త్రీలే. 1980లో చేసిన ప్రత్యేక చట్టంతో, డాక్టరు లేని పల్లెల్లో నర్సులు శిక్షణ పొంది చిన్న జబ్బులకు స్వయంగా చికిత్స చేసే అధికారం వచ్చింది.

1966 నుంచి 1976 వరకు 10,000 మందికి పైగా కొరియన్ నర్సులు, నర్సింగ్ సహాయకులు పశ్చిమ జర్మనీకి ఉద్యోగాలకు వెళ్లారు. వారు పంపిన డబ్బు ఇంటికీ దేశానికీ అక్కరకొచ్చింది. ఆర్థిక మాంద్యం వచ్చి ఒప్పందాలు పొడిగించకుండా ఇళ్లకు పొమ్మన్నప్పుడు, 1977–78లో వారు సంతకాల ఉద్యమం నడిపి, అక్కడే ఉండే హక్కు సాధించుకున్నారు. ‘అవసరం ఉన్నప్పుడు పిలిచి, తీరాక పంపడానికి మేము సరుకు కాదు’ అన్నది వారి వాదన సారాంశం.

ఇటీవలి సంగతికి వస్తే, కోవిడ్ కాలంలో ప్రతిరోజూ టీవీలో కనిపించిన డాక్టర్ జోంగ్ ఉన్‌గ్యోంగ్ 2017లో రోగ నియంత్రణ కేంద్రానికి తొలి మహిళా అధిపతి అయ్యారు. అది 2020లో స్వతంత్ర సంస్థ అయినప్పుడు దానికీ ఆమే తొలి అధిపతి. అయినా కొరియా డాక్టర్లలో మహిళలు ఇప్పటికీ నాలుగో వంతుకు కాస్త పైనే. నర్సుల్లో అత్యధికులు మహిళలు, వారి పని పరిధిని 2025 వరకు నిర్ణయించింది మాత్రం డాక్టర్ల చుట్టూ అల్లిన వైద్య చట్టమే. విడిగా నర్సింగ్ చట్టం కావాలన్న డిమాండుకు 2023లో పార్లమెంటు ఒప్పుకున్నా, అధ్యక్షుడు వీటో చేశారు. 2024 ఫిబ్రవరిలో వైద్య సీట్ల పెంపును నిరసిస్తూ రెసిడెంట్ డాక్టర్లు ఆసుపత్రులు విడిచి వెళ్లారు. వారు చేసే పనుల్లో చాలా భాగం నర్సుల మీద పడింది. అంతకుముందు కూడా చట్టం ఒప్పని చాటున వారు చేస్తున్న పనులే అవి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు నర్సింగ్ చట్టాన్ని ఆమోదించింది, 2025 జూన్ నుంచి అమల్లో ఉంది. నర్సులు ఏ పనులు చేయవచ్చో ఖరారు చేసే నియమాల మీద మాత్రం డాక్టర్ల సంఘానికీ నర్సుల సంఘానికీ వాదన ఇంకా నడుస్తోంది.